కొలోన్ హోహెన్‌జోలెర్న్ వంతెన మీద తాళం కప్ప వేయవచ్చునా?

ప్రశ్న: ఆఖెన్ నుంచి ఒక విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను ఆఖెన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. పెళ్లయిన నెల రోజులకే జర్మనీకి వచ్చేశాను. పది నెలల ఎదురుచూపు తర్వాత నా భార్యకు వీసా వచ్చింది, జూన్‌లో ఖమ్మం నుంచి బయలుదేరుతోంది. ఇన్నాళ్లూ ఫోన్లో మాట్లాడుకున్నప్పుడల్లా, తను రాగానే కొలోన్ వెళ్లి రైన్ నది మీది హోహెన్‌జోలెర్న్ వంతెనకు, ప్రేమకు గుర్తుగా జంటలు వేసినట్టే, మా ఇద్దరి పేర్లతో ఒక తాళం కప్ప వేయాలని చెప్పుకుంటూ వచ్చాము. అయితే ప్యారిస్‌లో ఇలాంటి తాళాలన్నీ తీసివేశారని ఒక మిత్రుడు చెప్పినప్పటి నుంచి నాకు సందేహం పట్టుకుంది. కొలోన్‌లో ఎవరైనా అభ్యంతరం చెబుతారా? మన ముచ్చట వల్ల వంతెనకు హాని కలుగుతుందా? ఏ వేళకు వెళితే బాగుంటుంది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: కొలోన్‌లో ఉద్యోగి

తమ్ముడూ, నిశ్చింతగా వెళ్లండి. ఇక్కడ తాళాలు వేయడం 2008 ప్రాంతంలో మొదలైంది. వంతెన రైల్వే వారిది కనుక మొదట్లో వారు వీటిని తొలగించాలని అనుకున్నారు కానీ, ఊరి జనం ఒప్పుకోకపోవడంతో ఆ ఆలోచన మానుకున్నారు. పట్టాలకూ నడకదారికీ మధ్యనున్న కంచె ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివర దాకా తాళాలతో నిండిపోయింది. రోజుకు వెయ్యికి పైగా రైళ్లు దాటే వంతెన ఇది, పక్క నుంచి రైలు వెళుతుంటే కాళ్ల కింద సన్నని వణుకు తెలుస్తుంది.

ఒక్క సలహా. చాలామంది కొలోన్ ప్రధాన స్టేషన్‌లో దిగి, కేథడ్రల్ చూసుకుని అటు నుంచి వంతెన ఎక్కుతారు, అప్పుడు అసలు దృశ్యం వీపు వెనుక ఉండిపోతుంది. మీరు ఆఖెన్ నుంచి ఆర్ఈ-1 రైలెక్కి, ప్రధాన స్టేషన్‌లో దిగకుండా, అదే రైల్లో ఆ వంతెన మీదుగానే నది దాటి డొయిట్స్‌లో దిగండి. అక్కడి నుంచి వెనక్కి నడిస్తే కేథడ్రల్ 157 మీటర్ల జంట గోపురాలు మీకు ఎదురుగా నిలబడి ఉంటాయి. జూన్‌లో పొద్దుగుంకేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది, సూర్యుడు దిగేది ఆ వైపే. మీకు విద్యార్థుల ప్రయాణ పాసు, అంటే సెమెస్టర్ టికెట్, ఉంటుంది గానీ, అది ఆమెకు వర్తించదు కాబట్టి విడిగా టికెట్ కొనడం మరచిపోకండి.

జవాబు: ప్యారిస్‌లో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థిని

అన్నయ్య గారూ, మీ మిత్రుడు చెప్పింది నిజమే. పాన్ దెజార్ వంతెన మీద తాళాల బరువుకు 2014 జూన్‌లో పిట్టగోడ కంచెలో ఒక భాగం ఊడి పడింది. మరుసటి ఏడాది జూన్ 1 నుంచి వాటిని తొలగించడం మొదలుపెట్టారు. ఆ తాళాల బరువు దాదాపు 45 టన్నులని లెక్కగట్టారు. ఇప్పుడు ఆ కంచె స్థానంలో అద్దాలు అమర్చారు. అయితే అది మనుషులు నడవడానికి మాత్రమే కట్టిన తేలికపాటి వంతెన, మీరు వెళ్లేది బరువైన రైళ్లను మోసేందుకు కట్టిన ఉక్కు వంతెన. కాబట్టి రెంటినీ ఒక గాటన కట్టలేము. ఏ ఊరు వెళ్లినా దీపస్తంభానికో పాత వంతెనకో తాళం వేసేవారిని చూస్తే మాత్రం నాకు బాధగా ఉంటుంది.

తాళం చెవిని నదిలో విసిరే ఆచారాన్ని దయచేసి పాటించకండి. మన గుళ్లలో ముడుపు కట్టినవారు మొక్కు తీరాక వచ్చి విప్పుతారు కదా, చెవి ఇంట్లో ఉంటే మీరూ ఎప్పుడైనా మళ్లీ వెళ్లి ఆ తాళాన్ని తాకి చూసుకోవచ్చు.

జవాబు: బాన్ నుంచి ఒక గృహిణి

బాబూ, ఆ వంతెన కథ కూడా మీ ఆవిడకు చెప్పండి. 1911లో పూర్తయిన ఈ వంతెనను, శత్రుసేనలు నది దాటకుండా ఆపాలని 1945 మార్చి 6న జర్మన్ సైన్యమే పేల్చివేసింది. మూడేళ్లకు, 1948లో, దాని మీద మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి. ఎదురుగా కనిపించే కేథడ్రల్‌ను 1248లో మొదలుపెట్టి 1880కి గానీ ముగించలేకపోయారు. ఇరవై ఏళ్ల క్రితం పెళ్లయిన కొత్తలో నేనూ మావారూ ఆ వంతెన మీద నిలబడినప్పుడు అక్కడ తాళాలేమీ లేవు. మావారు ఈ సంగతులన్నీ చెబుతుంటే, ఊరు వదిలి వచ్చిన దిగులు ఆ పూట మొదటిసారి కొంచెం తగ్గింది.

ప్రశ్న అడిగిన విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. డొయిట్స్‌లోనే దిగుతాము. ఇక్కడ తాళం కొనాలనే ఆలోచన మానుకున్నాను. ఖమ్మంలో మా పెళ్లి స్టీలు సామాన్ల మీద పేర్లు చెక్కిన దుకాణంలోనే తాళం కప్ప మీద తెలుగులో మా పేర్లు చెక్కించి తెమ్మని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. దానికి రెండు చెవులు ఉంటాయట, తనకొకటి, నాకొకటి.