పాత ఉలి మీద 'కాస్ట్ స్టీల్' అని ఉంది, పోత ఇనుమేనా ఇది?

బొబ్బిలి కుర్రోడు:
అటక సర్దుతుంటే మా తాతగారి ఉలి దొరికిందండి, ఆయన పనస చెక్కతో వీణలు చెక్కేవారు. తుప్పు గీకితే షెఫీల్డ్, కాస్ట్ స్టీల్ అని అచ్చు కనపడింది. మా వీధి వెల్డింగ్ షాపాయన చూసి "ఇది పోత ఇనుమురా, గట్టిగా కొడితే ఫట్‌మని విరుగుద్ది, కాటాకి వేసీ" అన్నాడు. మరి తాత అన్నేళ్ళు ఎలా కొట్టారో! గ్రైండర్ మీద పదును పెట్టించి వాడొచ్చా?

రిటైర్డ్ ఫిట్టర్, గరివిడి:
కాటాకి వెయ్యకు బాబూ!! పాత పనిముట్ల మీద కాస్ట్ స్టీల్ అంటే మూసలో కరిగించిన ఉక్కు, క్రూసిబుల్ స్టీల్ అన్నమాట. 1740ల్లో హంట్స్‌మన్ అని గడియారాలు చేసేవాడు, స్ప్రింగులకి మంచి ఉక్కు దొరక్క ఇంగ్లండులోని షెఫీల్డ్ దగ్గర ఇది మొదలెట్టాడు. అప్పటిదాకా ఇనప కడ్డీల్ని బొగ్గుపొడిలో కూరి రోజుల తరబడి కాల్చేవారు, కార్బన్ పైన ఎక్కువ లోపల తక్కువ, ఒక్కచోట ఉన్న పదును ఇంకోచోట ఉండదు. ఆ కడ్డీలనే మట్టి మూసల్లో వేసి కోక్ మంట మీద 1600 డిగ్రీల దాకా వేడిచేసి పూర్తిగా కరిగిస్తే అంతా సమానమైపోయింది, మడ్డి పైకి తేలిపోయింది. అది దిమ్మగా పోసి, మళ్ళీ కాల్చి సాగ్గొట్టి ఉలులు, ఆకురాళ్ళు, మంగలి కత్తులు, లేత్ టూల్సు చేసేవారు. పోత ఇనుముని అలా సాగ్గొట్టగలరేటి? ఆ వెల్డింగాయన్నే అడుగు.

ఉక్కు పిచ్చోడు:
మాస్టారూ హంట్స్‌మన్ కంటే ముందు మనోళ్ళు లేరా? నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మూస ఉక్కుని పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు కదా.

రిటైర్డ్ ఫిట్టర్, గరివిడి:
ఉన్నారు, ఎన్నో వందల ఏళ్ళ ముందే. కాకపోతే మనోళ్ళు దాన్ని మూసలోనే చల్లారనిచ్చి గడ్డగా తీసేవారు, హంట్స్‌మన్ దిమ్మగా పోశాడు. ఇప్పుడు టూల్ స్టీలంతా కరెంటు కొలుముల్లోనే.

సాలూరు కమ్మరి:
అసలు మాట ఎవరూ చెప్పలేదు. గ్రైండర్ జోలికెళ్ళకు తమ్ముడూ, అంచు నీలం రంగు తిరిగిందంటే పదును చచ్చినట్టే. సానరాయి మీద నీళ్ళు పోస్తూ నెమ్మదిగా నూరు, చేతికి వేడి తగలకూడదు.

బొబ్బిలి కుర్రోడు:
సరే అన్నా, ఆదివారం కూర్చుంటాను. పిడి పుచ్చిపోయింది, తుమ్మ కర్ర పెట్టించనా?