దస్తావేజు మీది వేలిముద్రతో ఖాతా ఖాళీ: ఆధార్ లాక్ ఒక్కటే సరిపోతుందా?

పొలంగట్టు:
ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా ఖాతాలో డబ్బు పోతుందంటున్నారు. పొలం దస్తావేజుల్లో అమ్మానాన్నల ఆధార్ నంబర్లూ వేలిముద్రలూ రెండూ ఉన్నాయి. ముందే ఏం చేసిపెట్టుకోవాలి?

మైక్రోఏటీఎం:
పోతుంది అన్నా. ఏఈపీఎస్‌లో, అంటే ఆధార్, వేలిముద్రలతో ఖాతాలోంచి డబ్బు తీసే పద్ధతిలో, డబ్బు తీయడానికి కావాల్సినవి మూడే: బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. ఓటీపీ, పిన్ అడగదు. స్కాన్ కాపీలోని ముద్రను బటర్ పేపర్ మీద ప్రింటు తీసి, దాంతో రబ్బరు ముద్ర చేసి స్కానర్ మీద నొక్కుతారు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల ముద్రలతో సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు తెలంగాణలో 2018లోనే బయటపడింది. స్కానర్ మీద పెట్టింది నిజమైన వేలేనా అని చూసే తనిఖీని ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ 2023లో గట్టిచేసింది. అయినా దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

మైఆధార్ పోర్టల్లోనో ఎంఆధార్ యాప్‌లోనో ఓటీపీతో లాగిన్ అయి బయోమెట్రిక్ లాక్ పెట్టేయండి. పైసా ఖర్చు లేదు. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై లేకపోతే మాత్రం ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి అది చేయించుకోవాలి.

చౌకధర:
లాక్ పెట్టాక వేలు, కనుపాప, ముఖం మూడూ పనిచేయవు. రేషన్ షాపులో ఈపాస్ మిషన్ మీద వేలు పెడితే 330 ఎర్రర్ వస్తుంది. డీలరేమో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టమంటాడు. ఎన్నిసార్లు తుడిచినా రాదు, అది వేలి తప్పు కాదు. పింఛను, జీవన్ ప్రమాణ్ (పింఛనుదారు బతికే ఉన్నారని చూపే డిజిటల్ పత్రం), రిజిస్ట్రేషన్ ఆఫీసు, అన్నిచోట్లా ఇదే తంతు. పెద్దవాళ్ల ఆధార్ లాక్ చేసి ఈ సంగతి వాళ్లకు చెప్పకపోతే పింఛను రోజున ఇంట్లో గొడవే.

మైక్రోఏటీఎం:
నిజమే. అందుకే తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకునే వీలుంది. 10 నిమిషాలయ్యాక తాళం మళ్లీ దానంతటదే పడుతుంది. వరసలో నిలబడగానే కాదు, మీ వంతు వచ్చాకే నొక్కండి. ఓటీపీ వచ్చే ఫోను ఆ సమయానికి దగ్గరుండాలి. కొడుకు నంబరు లింకై, ఆ కొడుకు బెంగళూరులో ఉంటే పని అక్కడే ఆగిపోతుంది.

మిర్చియార్డు:
దీనికి ముందు వర్చువల్ ఐడీ తీసుకోవాలి కదండీ?

మీసేవ_మూల:
వర్చువల్ ఐడీ అంటే ఆధార్ నంబరుకు బదులు వాడుకునే నంబరు. అది అడిగేది వేరే తాళం, చాలామంది కలిపేస్తారు. బయోమెట్రిక్ లాక్‌కు అది అక్కర్లేదు. ఆధార్ నంబరునే లాక్ చేయాలంటే 16 అంకెల వర్చువల్ ఐడీ కావాలి, తీసేటప్పుడూ అదే అడుగుతుంది. మర్చిపోతే లింకైన ఫోను నుంచి 1947కి ఆర్‌వీఐడీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఆధార్ చివరి 4 అంకెలు పంపండి. ఊళ్లో ఉండే పెద్దవాళ్లకు ఈ రెండో తాళం జోలికి పోవద్దనే నా సలహా.

జిరాక్స్ ఇవ్వాల్సిన చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి 4 అంకెలే కనబడతాయి. ప్రింటు కోసం షాపువాళ్ల వాట్సాప్‌కు పంపిన ఆధార్ పీడీఎఫ్ వాళ్ల కంప్యూటర్లోనే ఉండిపోతుంది. దాని పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఇక దాచిందేముంది?

సిబిల్_చూపు:
డబ్బు సంగతి సరే, మీ పేరిట అప్పు పుడితే ఎస్సెమ్మెస్ కూడా రాకపోవచ్చు. అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఒక్కోటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేరోజు తీయకుండా మూడు నెలలకొకటి తీయండి. స్కోరు కాదు, ‘ఎంక్వైరీ’ల భాగం, అంటే అప్పు కోసం మీ రిపోర్టును ఎవరు అడిగారో ఉండే చోటు చూడండి. మీరు అడగని లోన్ యాప్ పేరు అక్కడే ముందు కనిపిస్తుంది. సిమ్‌లకైతే టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్. మీ పేరిట ఉన్న నంబర్లన్నీ చూపిస్తుంది, తెలియనిది ఉంటే ‘నా నంబరు కాదు’ అని కొట్టండి.

పొలంగట్టు:
లాక్ పెట్టేలోపే డబ్బు పోతే?

క్యాష్_కౌంటర్:
ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఖాతా నంబరు, మొత్తం, తేదీ, సమయం, 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ (ఆ లావాదేవీకి ఇచ్చే నంబరు) చేతిలో పెట్టుకోండి. ఆ నంబరు స్టేట్‌మెంట్‌లో ఏఈపీఎస్ అన్న వరుసలో ఉంటుంది. తర్వాత బ్రాంచికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పినదానికి లెక్క లేదు. 2017 జులై 6 నాటి ఆర్బీఐ సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లో చెబితే మీ మీద భారం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 వరకు మీరే భరించాలి. ఆ తర్వాత ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా.

‘ఎస్సెమ్మెస్ పంపాం’ అని బ్యాంకువాళ్లు తిరగబడేది ఇక్కడే. కాబట్టి పాత నంబరు ఖాతాలో ఉంటే ఇవాళే మార్పించండి. ఏఈపీఎస్ వాడనివాళ్లు దాన్ని ఆపేయమని బ్రాంచిలో అడగండి, కొన్ని బ్యాంకుల యాప్‌లోనే ఆ మీట ఉంది.

మీసేవ_మూల:
ఫిర్యాదుకు ఇంకో కాగితం జతచేయండి. మైఆధార్‌లో అథెంటికేషన్ హిస్టరీ ఉంటుంది, గత 6 నెలలవి చూపిస్తుంది. వేలిముద్ర ఏ రోజు, ఏ సమయానికి, ఏ సంస్థ ద్వారా పడిందో అందులో ఉంటుంది. ఆ సమయానికి మీరు వేరే ఊళ్లో ఉన్నట్టు బస్సు టికెట్టో హాజరుపట్టీయో దొరికితే అదీ పెట్టండి.