థాయిలాండ్ 30 బాత్ పథకం, మన ఆరోగ్యశ్రీ: తేడా డబ్బులోనా, కట్టిన తీరులోనా?

ప్రశ్న — పాలమూరు విద్యార్థి

నేను ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్నాను. థాయిలాండ్ 2002లో జాతీయ ఆరోగ్య భద్రతా చట్టం తెచ్చి, ప్రభుత్వోద్యోగుల పథకంలోనూ కార్మికుల సామాజిక భద్రతా పథకంలోనూ లేని వారందరికీ, అంటే జనాభాలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి, వైద్య రక్షణ కల్పించింది. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ రోగి కట్టవలసింది 30 బాత్‌లు, అప్పటి మారకం ప్రకారం ఇంచుమించు అన్నే రూపాయలు. 1997 ఆర్థిక సంక్షోభం దెబ్బ మానక ముందే ఇంత భారం తలకెత్తుకున్న ఆ దేశంలో, మొత్తం వైద్య వ్యయంలో జనం జేబు నుంచి పెట్టే వాటా పదిహేనేళ్ళలో మూడో వంతు నుంచి దాదాపు ఎనిమిదో వంతుకు దిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా పన్నుల డబ్బుతోనే నడిచింది, కార్డున్న వారి దగ్గర ప్రీమియం తీసుకోలేదు. అయినా మా ఊళ్ళో బీపీ మాత్రలు ఇప్పటికీ కొనుక్కునేవాళ్ళే ఎక్కువ. ఈ తేడాకు కారణం నిధులా, పథకాన్ని కట్టిన తీరా?

సమాధానం — ఆరోగ్య ఆర్థికం

నిధుల పాత్ర ఉంది కానీ, అసలు తేడా వరుసలో ఉంది. థాయిలాండ్‌లో ఆసుపత్రులు ముందు వచ్చాయి, కార్డు తరువాత వచ్చింది. 1982–86 ప్రణాళికా కాలంలో అక్కడి ప్రభుత్వం పట్టణాల పెద్దాసుపత్రులకు కొత్త పెట్టుబడులు ఆపేసి, ఆ డబ్బును జిల్లా ఆసుపత్రులకూ వాటి కింది ఆరోగ్య కేంద్రాలకూ మళ్ళించింది (అక్కడ జిల్లా అంటే మన పాత తాలూకా అంత అనుకోండి). అంతకుముందు నుంచే వైద్య పట్టభద్రులకు మూడేళ్ళ గ్రామీణ సేవ తప్పనిసరి, ఎగ్గొడితే జరిమానా. రాజధానిలోని పెద్దాసుపత్రుల నోరు కట్టి పల్లెకు డబ్బు పంపగలిగిన ప్రభుత్వాలు ఎక్కడైనా అరుదే కనుక, ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. సంగువాన్ నిత్యారంఫోంగ్ వంటి వైద్యులు ఈ పథకాన్ని రాజకీయ నాయకత్వం చేత ఒప్పించే నాటికి, చీటీ పట్టుకుని వెళ్తే తలుపు తెరిచే ఆసుపత్రి ప్రతి జిల్లాలోనూ ఉంది.

రెండోది చెల్లింపు పద్ధతి. అక్కడ ఓపీ వైద్యానికి డబ్బు తలల లెక్కన, ముందుగానే వెళ్తుంది. మొదటి ఏడాది మొత్తం సేవలకు కట్టిన రేటు మనిషికి 1,202 బాత్‌లు. యాభై వేల మంది పేర్లు నమోదైన జిల్లా ఆసుపత్రి పేరున ఆరు కోట్ల బాత్‌ల పైచిలుకు లెక్క తేలుతుంది. ఇన్‌పేషెంట్ల వైద్యానికి జబ్బు తరహాను బట్టి రేట్లున్నా, అందరికీ కలిపి మొత్తం మీద పరిమితి ఉంది. షుగర్ రోగిని మాత్రలతో అదుపులో ఉంచితే ఆ ఆసుపత్రికి డబ్బు మిగులుతుంది, కాలు తీసేదాకా వదిలేస్తే ఖర్చు పెరుగుతుంది. ఆరోగ్యశ్రీలో ఆసుపత్రికి డబ్బు వచ్చేది రోగి మంచమెక్కి, ప్యాకేజీకి (ఆ చికిత్సకు ముందే కట్టిన మొత్తానికి) ముందస్తు అనుమతి దొరికిన తరువాతే. పథకం వల్ల పెద్ద ఆపరేషన్ల అప్పుల నుంచి ఎన్నో కుటుంబాలు బయటపడ్డాయి, దాన్ని తక్కువ చేయను. కానీ నెలనెలా మింగే మాత్రకు అందులో పద్దు లేదు.

సమాధానం — మందుల గది

నేను ఫార్మసిస్టుగా పనిచేసిన పీహెచ్‌సీలో బీపీ, షుగర్ రోగులకు నెలకు సరిపడా ఇవ్వవలసిన మాత్రలను పది రోజులకే ఇచ్చి పంపేవాళ్ళం, ఎందుకంటే మా ఇండెంటును (మందులు కావాలని పైకి పంపే లెక్కను) నిరుటి వాడకాన్ని బట్టి కోసేవారు. నిరుడు సరుకు లేక తక్కువ ఇచ్చాం కనుక రిజిస్టరులో వాడకం తక్కువగా కనిపించేది, దాంతో ఈ ఏడాదీ తక్కువే వచ్చేది. మిగిలిన ఇరవై రోజులకు కొందరు బయట కొనుక్కునేవారు, చాలామంది మానేసేవారు. తలల లెక్కన నిధి వచ్చినా ఇండెంటు ఇలాగే వేస్తే ఫలితం మారదు. మందుల లెక్క ఊళ్ళో ఉన్న రోగుల సంఖ్య నుంచి మొదలవ్వాలి.

సమాధానం — ఉద్దానం వాసి

తలసరి చెల్లింపును మరీ ఆకాశానికెత్తవద్దని నా మనవి. థాయిలాండ్‌లో మొదట్లో జీతాలను కూడా ఆ మొత్తంలోనే కలపడంతో సిబ్బంది ఎక్కువగా ఉన్న మధ్య ప్రాంతపు ఆసుపత్రులు లోటులో పడ్డాయి, సర్కారు అత్యవసర నిధి పెట్టి ఆదుకోవలసి వచ్చింది. ఇక సమానత్వం మాటకొస్తే, మూడు పథకాలూ నేటికీ వేరువేరుగానే ఉన్నాయి, ప్రభుత్వోద్యోగుల పథకం మనిషికి పెట్టే ఖర్చు తక్కిన వారికన్నా కొన్ని రెట్లు ఎక్కువ.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ప్రాంతానికి దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. థాయ్ పథకంలో తొలి ఏళ్ళలో డయాలసిస్ లేదు, ఖజానా మోయలేదన్నారు. 2008లో చేర్చినప్పుడు కూడా యంత్రంతో చేసే హీమోడయాలసిస్‌కు కాక, ఇంట్లోనే కడుపు పొరలోకి ద్రవం ఎక్కించి చేసుకునే పద్ధతికి మొదటి స్థానమిచ్చారు. ప్రభుత్వ ఔషధ సంస్థ ద్రవాన్ని టోకున కొంటుంది, తపాలా బండి దాన్ని రోగి ఇంటికి చేరుస్తుంది. ఉద్దానంలో రోగులు పలాసకో సోంపేటకో వారానికి రెండు మూడు సార్లు వెళ్ళి నాలుగేసి గంటలు యంత్రం దగ్గర పడుకుంటారు, వెంట వచ్చిన మనిషికి ఆ రోజు కూలీ పోతుంది. మా దగ్గర యంత్రాలు పెంచమని అడిగినంతగా ఇంటి పద్ధతి గురించి ఎవరూ అడగలేదు. అయితే దానికి శుభ్రమైన గది, చేతులు కడిగే క్రమశిక్షణ, పొరకు ఇన్ఫెక్షన్ సోకితే వెంటనే చూసే నర్సు కావాలి. 2022లో థాయిలాండ్ కూడా రోగి తనకు నచ్చిన పద్ధతి ఎంచుకోవచ్చునని నిబంధన సడలించింది.

పాలమూరు విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. మందుల గది గారూ, ఊళ్ళో రోగుల సంఖ్య అన్నారు కదా, దాన్ని ఆశా కార్యకర్తల ఇంటింటి సర్వే నుంచి తీసుకోవచ్చా, లేక ఓపీ రిజిస్టరే నయమా?

మందుల గది

సర్వే నుంచే తీసుకోండి. ఓపీ రిజిస్టరులో కనిపించేది మందు ఉందని తెలిసి వచ్చినవాళ్ళు మాత్రమే. అయితే సర్వే లెక్కను ఏఎన్ఎం ఒకసారి సరిచూడాలి, ఒకే మనిషి పేరు బీపీ జాబితాలోనూ షుగర్ జాబితాలోనూ వేరువేరు ఇంటిపేర్లతో ఎక్కడం నేను చాలా చూశాను.