మధుమేహం ఉన్న తమ్ముడి తరఫున నేను మాట్లాడవచ్చా?

ప్రశ్న (ఒక అక్క)

సభ్యులందరికీ నమస్కారం. మా తమ్ముడికి చిన్నతనంలోనే టైప్ 1 మధుమేహం (శరీరం తనంతట ఇన్సులిన్ తయారుచేసుకోలేని రకం) బయటపడింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇన్సులిన్ మోతాదు లెక్కవేసుకోవడం, ఒంటికి అతికించుకుని షుగర్ చూసే సెన్సర్ మార్చుకోవడం, డాక్టరుకు చూపించుకోవడం అన్నీ తనే చూసుకుంటాడు. సెన్సర్ అంకెలు నా ఫోనులో కూడా కనిపించే ఏర్పాటు తనే చేసిపెట్టాడు, ఇబ్బంది అక్కడే మొదలైంది. అంకె పైకి పోయినప్పుడల్లా నేను "ఏం తిన్నావు" అని సందేశం పెడుతున్నానని, అది యోగక్షేమం కనుక్కుంటున్నట్టు లేదని, సంజాయిషీ అడుగుతున్నట్టు ఉందని అంటున్నాడు. అడగడం మానేస్తే పట్టించుకోనట్టు అవుతుందేమోనని నా భయం.

రెండో విషయం అతని ఆఫీసుది. చాలాసేపు సాగిన ఒక సమావేశం మధ్యలో షుగర్ పడిపోతోందని గ్లూకోజు బిళ్ళలు నోట్లో వేసుకుంటే, పై అధికారి అందరి ముందూ "ఇది తినే చోటు కాదు" అన్నారట. తమ్ముడు అప్పుడూ ఏమీ అనలేదు, తరువాత కూడా ఎవరికీ చెప్పలేదు. పైగా ఇప్పుడు సమావేశం ఉన్న రోజుల్లో షుగర్‌ను కావాలనే కాస్త ఎక్కువలో ఉంచుకుని వెళ్తున్నాడు. యాజమాన్యానికి నేను ఉత్తరం రాస్తానంటే ఒప్పుకోవడం లేదు. అతని మేలు కోరి, అతనికి చెప్పకుండా రాస్తే తప్పవుతుందా?

మా మేనమామకు టైప్ 2 ఉంది. నలుగురూ కలిసిన చోట ఆయన కంచంలోకి తొంగిచూడనివారు లేరు, దానితో ఆయన రావడమే తగ్గించారు. ఇవన్నీ చూశాక మేము కొందరం కలిసి నవంబరు 14న ఒక నడక, ఉచిత షుగర్ పరీక్షలు పెట్టాలనుకుంటున్నాము. అలాంటివాటి వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (టైప్ 1తో పెరిగి పెద్దయిన సభ్యురాలు)

అతనికి చెప్పకుండా మాత్రం రాయకండి. తనకు మధుమేహం ఉందన్న సంగతి ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు అతనిది. ఒకసారి ఆఫీసులో పదిమందికీ తెలిశాక ఆ మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు. ఆ తరువాత పదోన్నతి రాకపోయినా, పెద్ద బాధ్యత మరొకరికి పోయినా, దానికి కారణం ఇదేనేమో అన్న అనుమానాన్ని మోయవలసింది అతనే గాని మీరు కాదు.

అంకెల సంగతికి వస్తే, "ఏం తిన్నావు" అన్న ప్రశ్న చాలాసార్లు అసలు కారణం దగ్గరికే చేరదు. సరిగా నిద్ర పట్టకపోయినా, జ్వరం రాబోతున్నా, పని ఒత్తిడి ఎక్కువైనా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నా, ఇన్సులిన్ ఎక్కించే పంపు గొట్టం చర్మం కింద మడత పడినా, ఇన్సులిన్ ఎండ తగిలి పాడైనా షుగర్ పెరుగుతుంది. తెల్లవారుజామున శరీరం విడుదల చేసే హార్మోన్ల వల్ల, రాత్రంతా ఏమీ తినని మనిషికి కూడా పెరుగుతుంది. వీటన్నిటినీ వదిలేసి తిండి మీదికే పోయే ప్రశ్న రోజూ వస్తుంటే, నిజం చెప్పాలనే కోరిక కూడా పోతుంది. చిన్నప్పుడు షుగర్ రాసుకునే పుస్తకంలో దొంగ అంకెలు రాసిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో ఎవరూ స్వభావంచేత అబద్ధాలకోరులు కారు.

సెన్సర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అందువల్ల షుగర్ వేగంగా మారుతున్నప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది. నిద్రలో సెన్సర్ ఉన్న చేతి మీదికి ఒత్తిగిల్లితే, షుగర్ మామూలుగానే ఉన్నా పడిపోయినట్టు చూపిస్తుంది. అర్ధరాత్రి మూడింటికి అలారం మోగి, ఇల్లంతా లేచి, వేలికి సూది గుచ్చి చూస్తే అంతా బాగానే ఉండటం మా ఇంట్లో కొత్తేమీ కాదు.

చివరికి మా అన్నా నేనూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాము. వాడి ఫోనులో ఎక్కువ షుగర్ హెచ్చరికలు పూర్తిగా ఆపేశాము. షుగర్ 60 (మి.గ్రా./డె.లీ.) కంటే దిగితేనే మోగుతుంది. మోగితే వాడు ఫోను చేస్తాడు, నేను ఎత్తకపోతే వచ్చి తలుపు కొడతాడు, తెల్లారాక దాని గురించి ప్రశ్నలు ఉండవు. దానికి బదులు సెన్సర్లు అయిపోకముందే తెప్పించడం, ఇన్సులిన్ గడువు తేదీలు చూడటం, అది ఫ్రిజ్‌లో గడ్డకట్టే అర దగ్గరికి పోకుండా చూడటం వంటి విసుగు పుట్టించే పనులు వాడు తన మీద వేసుకున్నాడు. నాకు దక్కిన సాయాల్లో అదే పెద్దది. మీ తమ్ముడిని కూడా "నీ పనుల్లో ఏది నా మీద వేస్తే నీకు హాయిగా ఉంటుంది" అని అడిగి చూడండి.

సమాధానం 2 (మధుమేహ విభాగంలో పనిచేసే నర్సు)

పై సభ్యురాలు చెప్పిన వాటిలో చాలావరకు అంగీకరిస్తాను గాని, సమావేశాల కోసం షుగర్‌ను ఎక్కువలో ఉంచుకోవడం గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు నచ్చలేదు. ఎప్పుడో ఒకసారి అలా చేస్తే కొంప మునిగేదేమీ లేదు. కానీ అది వారం వారం అలవాటయితే ఆ అధికారి మాటకు మూల్యం ఆ అబ్బాయి కళ్ళూ మూత్రపిండాలూ చెల్లిస్తాయి. టైప్ 1 ఉన్నవారిలో షుగర్‌ను అదుపులో ఉంచుకుంటే కంటి, మూత్రపిండాల, నరాల సమస్యలు గణనీయంగా తగ్గుతాయని 1993లో వెలువడిన పెద్ద అధ్యయనం నిర్ద్వంద్వంగా తేల్చింది. కాబట్టి దీన్ని మర్యాద సమస్యగా కాక వైద్య సమస్యగా అతనితో మాట్లాడవచ్చు, అయితే నిందించకుండా, అతని డాక్టరు సమక్షంలో అయితే ఇంకా మంచిది.

పక్కన ఉండేవారు కచ్చితంగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి, వీటి విషయంలో మొహమాటం పనికిరాదు. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు గాని, త్వరగా ఒంటికి పట్టే మరో తీపి పానీయం గాని ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ ఇవ్వాలి. కొవ్వు ఎక్కువగా ఉన్న తీపి పదార్థాలు ఆ సమయానికి అక్కరకు రావు, ఎందుకంటే కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. 54 కంటే తగ్గితే మెదడుకు అందవలసిన గ్లూకోజు అందక మనిషి తడబడతాడు, చిరాకు పడతాడు, "నాకేమీ కాలేదు, నన్ను వదిలెయ్" అని కసురుకుంటాడు. అప్పుడు వాదన పెట్టుకోకుండా గ్లూకోజు చేతికిచ్చి పక్కనే నిలబడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఇన్సులిన్ అసలే ఇవ్వకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గ్లూకగాన్ (షుగర్‌ను త్వరగా పెంచే మందు) ఉంటే ఇంజెక్షన్‌గానో ముక్కులో కొట్టే పొడిగానో ఇచ్చి, వెంటనే అంబులెన్సును పిలవాలి.

ఇంకొకటి, ఇది చాలా ఇళ్ళలో తెలియక ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం వచ్చి ఏమీ తినలేకపోతున్నాడని టైప్ 1 ఉన్నవారికి ఇన్సులిన్ పూర్తిగా మానిపించకూడదు. మోతాదు మార్చవలసి రావచ్చు, అది వైద్యులు చెబుతారు. ఆగని వాంతులు, కడుపునొప్పి, బరువుగా లోతుగా తీసే ఊపిరి కనిపిస్తే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పెరిగాయేమోనని అనుమానించి ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి, తెల్లవారే దాకా ఆగకూడదు.

మీ మేనమామ గారి గురించి ఒక మాట. టైప్ 2లో ఇన్సులిన్ తయారుచేసే కణాల సామర్థ్యం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుంది, అది ఆ జబ్బు స్వభావం. పథ్యం బాగా పాటించినవారికి కూడా మందులు పెరగవచ్చు, ఇన్సులిన్ అవసరం కావచ్చు. "చివరికి ఇంజెక్షన్ దాకా తెచ్చుకున్నావు" అనే మాట విన్నవారు ఇన్సులిన్‌ను ఏళ్ళ తరబడి వాయిదా వేయడం మా విభాగంలో తరచూ చూస్తుంటాను. ఇలా మాటలు పడీ పడీ, లెక్కలు చూసుకునీ చూసుకునీ మనిషి అలసిపోవడాన్ని వైద్యులు ఇప్పుడు విడిగా గుర్తించి అడుగుతున్నారు.

సమాధానం 3 (మధుమేహం ఉన్నవారి బృందంలో పనిచేస్తున్న సభ్యుడు)

ఉత్తరం గురించి అడిగారు గనుక అక్కడి నుంచి మొదలుపెడతాను. ఉత్తరం అతని పేరుతో, అతని సంతకంతో వెళ్ళాలి, రాయడంలో మీరు చెయ్యి వెయ్యవచ్చు. ఆ అధికారి ఏమన్నారన్న దాని మీద ఒక్క వాక్యానికి మించి ఖర్చు చేయకండి. యాజమాన్యం చదివి "సరే" అనగలిగేలా కోరికలు ఉండాలి: సమావేశంలో ఉన్నప్పుడు కూడా షుగర్ చూసుకుని అవసరమైతే గ్లూకోజు తీసుకునే వీలు, ఫోనులో సెన్సర్ అలారం మోగేలా ఉంచుకునే అనుమతి, ఇన్సులిన్ వేసుకోవడానికి శుభ్రమైన చోటు (మరుగుదొడ్డి శుభ్రమైన చోటు కాదని రాయవలసి రావడం విచారకరం గాని, రాయవలసి వస్తుంది). జతపరిచే డాక్టరు పత్రంలో అతని అవసరాలు ఉంటే చాలు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే పరీక్ష) ఎంత, గతంలో ఆస్పత్రిలో చేరాడా వంటి వివరాలు యాజమాన్యానికి అక్కరలేదు. చాలా దేశాల్లో దీనికి చట్టం అండ వికలాంగుల హక్కుల ద్వారా దొరుకుతుంది. "నేను వికలాంగుణ్ణి కాదు కదా" అని కొందరు ఆ తలుపు తట్టడానికే వెనుకాడతారు, అది వారి ఇష్టం, కానీ తలుపు ఉందని తెలిసి ఉండాలి.

ఇక మీ కార్యక్రమం. నవంబరు 14 ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు. 1991 నుంచి ఆ రోజును ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తున్నారు, 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి దాన్ని గుర్తిస్తూ తీర్మానం చేసింది. నడక పెట్టండి, అభ్యంతరం లేదు. ఉచిత పరీక్షల విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వేలికి గుచ్చి చూసిన ఒక్క అంకెతో మధుమేహం నిర్ధారణ కాదు, ప్రయోగశాల పరీక్ష కావాలి. ఎక్కువ వచ్చిన మనిషి మరునాడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఆ పరీక్షను ఎవరు చేస్తారో, మందు ఎక్కడ దొరుకుతుందో ముందే ఏర్పాటు చేయకుండా పరీక్షలు పెడితే భయం పంచిపెట్టినట్టు అవుతుంది, అంతే. ఒక ఆరోగ్య కేంద్రంతో ముందుగా మాట్లాడుకుని, పేరు, తేదీ రాసిన చీటీ చేతికిచ్చి పంపగలిగితేనే పెట్టండి.

నన్నడిగితే, అంతకంటే ఎక్కువ పని ఏడాది పొడవునా జరగవలసి ఉంది. 1923లో ఇన్సులిన్ పేటెంటును దాన్ని కనుగొన్నవారు టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరు పుచ్చుకుని ఇచ్చేశారు, అది అందరికీ అందాలన్నది వారి ఉద్దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో వేసిన మొట్టమొదటి అత్యవసర మందుల జాబితాలోనే ఇన్సులిన్ ఉంది. అయినా నేటికీ అది దొరకకనో, కొనలేకనో మోతాదు తగ్గించి వాడుకుంటున్నవారు ఉన్నారు. 2022లో ఆ సంస్థ సభ్య దేశాలు కలిసే ప్రపంచ ఆరోగ్య సభ 2030 నాటికి చేరవలసిన లక్ష్యాలను ఆమోదించింది. మధుమేహం ఉన్నవారిలో 80 శాతం మందికి అది ఉన్నట్టు నిర్ధారణ కావాలన్నది వాటిలో ఒకటి. టైప్ 1 ఉన్న నూటికి నూరుమందికీ అందుబాటు ధరలో ఇన్సులిన్, షుగర్ చూసుకునే సాధనాలు అందాలన్నది మరొకటి. ఇన్సులిన్‌తో పాటు పరీక్ష సాధనాలను కూడా అదే వాక్యంలో చేర్చడం మా బోటివాళ్ళకు చాలా ముఖ్యం, ఎందుకంటే షుగర్ చూసుకునే స్ట్రిప్పులు లేకుండా ఇన్సులిన్ ఒక్కటే ఇస్తే కళ్ళకు గంతలు కట్టి బండి నడపమన్నట్టే.

కాబట్టి మీ బృందం చేయగల పని ఒకటుంది. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఇన్సులిన్, స్ట్రిప్పులు ఏయే రోజుల్లో లేవో, వచ్చినవారిని ఏమని పంపించారో కొన్ని నెలల పాటు తేదీలతో రాసి ఉంచండి. "మందులు సరిగా ఇవ్వడం లేదు" అన్న ఫిర్యాదుకు అధికారుల దగ్గర సిద్ధంగా జవాబు ఉంటుంది. తేదీలు వేసిన పట్టికకు అంత సులువుగా జవాబు దొరకదు. ఆ పట్టిక పట్టుకుని వెళ్ళినప్పుడు మాట్లాడేవారిలో మధుమేహం ఉన్నవారు ముందుండాలి, మనబోటి బంధువులు పక్కన కూర్చుంటే సరిపోతుంది.

అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ తమ్ముడికి చూపించాను. ఎక్కువ షుగర్ హెచ్చరికలు ఆపేయడానికి ఇద్దరం ఒప్పుకున్నాము. అధికారితో కాకుండా మానవ వనరుల విభాగంతో తనే మాట్లాడతానన్నాడు, కోరికల కాగితం మాత్రం నన్ను చిత్తు రాయమన్నాడు. షుగర్ పరీక్షలు ఈ ఏడాదికి మానుకుని, ఆ పట్టిక పని మొదలుపెడదామని మావాళ్ళతో అన్నాను, కొందరికి అంత ఉత్సాహం కలగలేదు. తమ్ముడికి ఒక సందేహం ఉంది: అత్యవసరంలో ఏం చేయాలో ఆఫీసులో అందరికీ చెప్పాలా, ఒకరికి చెబితే చాలా?

సమాధానం 4 (టైప్ 2 ఉన్న ఒక సభ్యుడు)

ఆ సందేహానికి నర్సు గారే జవాబు చెప్పాలి. నేను మీ మేనమామ గారి తరఫున రాస్తున్నాను. ఆయన మళ్ళీ రావాలంటే మీరు బంధువులందరికీ పాఠం చెప్పనవసరం లేదు. ఎవరైనా ఆయన కంచం మీద వ్యాఖ్య చేసినప్పుడు మీరు వెంటనే మాట మార్చండి. నాకు మా కోడలు ఆ పని చేస్తుంది, ఆమె ఉన్న చోటికి నేను సంతోషంగా వెళ్తాను.

సమాధానం 5 (నర్సు)

ఒక్కరికి చెబితే చాలదు, ఆ ఒక్కరూ సెలవులో ఉన్న రోజే అవసరం పడవచ్చు. అతను నమ్మే ఇద్దరు ముగ్గురిని అతన్నే ఎంచుకోమనండి. గ్లూకగాన్ ఎక్కడ ఉందో చెప్పడంతో ఆపకుండా, గడువు తీరిన పాత కిట్ ఉంటే దానితో వారి చేత ఒకసారి చేయించి చూపించమనండి. కొత్తదాన్ని తాళం వేసే సొరుగులో మాత్రం పెట్టవద్దు.