బరంపురంలో పాత ఇంటి వైరింగుకు స్వతంత్ర తనిఖీ చేయించడం ఎలా?

ప్రశ్న: బరంపురం గృహస్థు

సభ్యులందరికీ నమస్కారం. గంజాం జిల్లా బరంపురంలో మా నాన్నగారు 1994లో కట్టించిన రెండంతస్తుల ఇల్లు ఇప్పుడు నా పేరిట ఉంది. కింద రెండు దుకాణాలు, పైన నర్సింగు చదువుతున్న ఆరుగురు ఆడపిల్లలు అద్దెకు ఉంటున్నారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన రాత్రి పై అంతస్తు గోడలు బాగా నానిపోయాయి. ఆ తరువాత సున్నం వేయించాము గాని, గోడలోపలి వైర్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

గత నెలలో పై స్నానాల గదిలో కుళాయి తిప్పబోయిన ఒక అమ్మాయికి కరెంటు కొట్టింది. చేయి విదిలించుకోగలిగింది కనుక ప్రమాదం తప్పింది. మొదటి నుంచీ మా ఇంటి పని చూస్తున్న కాంట్రాక్టరును పిలిపిస్తే, గీజర్ పాడైందని చెప్పి కొత్తది బిగించి, వైరింగు అంతా సవ్యంగా ఉందని తన లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి సంతకం చేసి ఇచ్చారు. ఏ గదిలో ఏమి చూశారో, ఏ పరికరంతో ఎంత కొలిచారో ఆ కాగితంలో ఒక్క అంకె కూడా లేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఇచ్ఛాపురం, సోంపేట వైపు వారు. నన్ను నమ్మి పిల్లలను ఇక్కడ ఉంచారు. ఆ కాగితం చూపించి వారికి ధైర్యం చెప్పడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

మన ఒడిశాలో ఇలాంటి ఇంటికి ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి చూస్తారా? లేనిపక్షంలో, పని చేసినవారితో సంబంధం లేని మరొకరి చేత తనిఖీ చేయించి ధ్రువపత్రం తీసుకోవడానికి మార్గం ఏమిటి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: పర్లాకిమిడి వైరింగు మేస్త్రి

అయ్యా, నేను గజపతి జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. మీ అనుమానం నూటికి నూరుపాళ్లు సరైనది. తాను చేసిన పనికి తానే యోగ్యతాపత్రం రాసుకునేవాడు, ఎంత మంచివాడైనా, తన కన్ను ఒకసారి దాటిపోయిన తప్పును రెండోసారీ చూడలేడు. నా విషయంలోనే అది జరగడం నాకు అనుభవం. అందుకే ఇప్పుడు నా పనిని మరొకరు కొలిచి చూస్తే గాని ఇంటివారికి తాళాలు అప్పగించను.

చట్టం సంగతి చెబుతాను. 2003 విద్యుత్ చట్టం 162వ సెక్షను ప్రకారం ప్రతి రాష్ట్రంలో విద్యుత్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. మన రాష్ట్రంలో వారి ప్రధాన కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. భద్రతకు సంబంధించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో నిబంధనలు తెచ్చి, వాటి స్థానంలో 2023లో కొత్తవి ప్రకటించింది. ఎత్తు 15 మీటర్లు దాటిన భవనాలకు, ప్రభుత్వం ప్రకటించిన వోల్టేజికి మించిన విద్యుత్ ఏర్పాట్లకు ఇన్‌స్పెక్టరు తనిఖీ, ఆమోదం ఉండాలి. మీలాంటి చిన్న ఇళ్లకు మాత్రం యజమానే పరీక్షలు చేయించి స్వయంగా ధ్రువీకరించుకునే పద్ధతి పెట్టారు. అంటే ఎవరూ వచ్చి తలుపు తట్టరు, బాధ్యత అంతా మీదే. అయితే కావాలనుకున్న యజమాని దరఖాస్తు పెట్టుకుని, రుసుము కట్టి ఇన్‌స్పెక్టరు చేతనే తనిఖీ చేయించుకునే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. యజమానులకు ఈ స్వీయ ధ్రువీకరణలో సాయపడడానికి చార్టర్డ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇంజనీరు అనే హోదాను కూడా ఏర్పాటు చేశారు. మీకు నిజంగా కావలసింది అటువంటి మనిషి. దొరకకపోతే విద్యుత్ పనుల సూపర్‌వైజరు యోగ్యతాపత్రం ఉండి, మీ ఇంటి మరమ్మతు పని ఆశించని వ్యక్తిని వెతకండి. తనిఖీకి వచ్చినవారితో ముందే ఒక మాట స్పష్టంగా చెప్పండి: లోపాలు ఎన్ని బయటపడినా వాటిని సరిచేసే పని వారికి ఇవ్వరని. ఆ మాట చెప్పిన తరువాత కూడా వచ్చేవాడే మీకు పనికివచ్చేవాడు.

నివేదికలో కొలతలు తప్పక ఉండాలని అడగండి. మెయిన్ ఆపి, ప్రతి సర్క్యూట్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) ఒక నిమిషం పాటు పరీక్షించినప్పుడు ఇన్సులేషన్, అంటే కరెంటు బయటికి కారకుండా తీగ తొడుగు ఆపే శక్తి, ఒక మెగాఓమ్‌కు తగ్గకూడదు. ఆ పరీక్షకు ముందు ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, ఇతర ఎలక్ట్రానిక్ వస్తువులు విడదీయాలి, లేకపోతే అవి పాడవుతాయి. ఎర్తు తీగ బోర్డు నుంచి ప్రతి సాకెట్ దాకా తెగకుండా ఉందో లేదో, కరెంటు తెచ్చే ఫేజు తీగ, దాన్ని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ తీగ తారుమారు అయ్యాయో లేదో చూడాలి. ఎర్తు తీగ నేలలో కలిసే గొయ్యి (ఎర్తు గొయ్యి) ఎన్ని ఓమ్‌లు చూపిస్తోందో ఎర్త్ టెస్టర్‌తో కొలవాలి. ఈ అంకెలేవీ లేకుండా వచ్చిన కాగితం ధ్రువపత్రం కాదు.

జవాబు: రాయగడ సభ్యుడు

పైవారి మాటకు ఒక్కటి జోడిస్తాను. మన సరిహద్దు ఊళ్లలో ఇచ్ఛాపురం, పార్వతీపురం నుంచి వచ్చే వైర్‌మెన్ చేత పని చేయించడం మామూలే; వారిలో నేర్పరులు చాలామంది ఉన్నారు. కాని నిబంధనల ప్రకారం వైరింగు పని చేసే కాంట్రాక్టరుకు పని జరిగే రాష్ట్ర ప్రభుత్వపు లైసెన్సు ఉండాలి, పని చేసేవారి పర్మిట్లు ఆ ప్రభుత్వం ఇచ్చినవో గుర్తించినవో అయి ఉండాలి. కనుక ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన పత్రం ఉందా, అందులో గడువు తేదీ దాటిపోలేదా అని అడిగి, నకలు తీసి నివేదికతో పాటు దాచుకోండి. మీటరు దాకా ఉన్న లైను సరఫరా సంస్థది, మీటరు తరువాతిదంతా మీది. 2021 జనవరి నుంచి మన దక్షిణ జిల్లాలకు సరఫరా చూస్తున్న టీపీఎస్ఓడీఎల్ వారి మనుషులు మీ గోడల్లో వైర్లను పరీక్షిస్తారని ఎదురుచూడకండి.

ప్రశ్న అడిగినవారు: బరంపురం గృహస్థు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే, మరమ్మతు పని ఇవ్వనని ముందే చెప్పి, జయపురం నుంచి సూపర్‌వైజరు పత్రం ఉన్న ఒక పెద్దాయనను పిలిపించాను. ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగు దాకా ఒక్కో పాయింటూ కొలిచారు. నివేదిక చూశాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

దుకాణాల సర్క్యూట్లలో ఇన్సులేషన్ 20 మెగాఓమ్‌లకు పైనే ఉంది. పై అంతస్తు లైట్ల సర్క్యూట్ 4 చూపించింది. స్నానాల గదుల సర్క్యూట్ మాత్రం 0.2. అంతకన్నా ఘోరం ఏమిటంటే, కింది నుంచి పైకి వెళ్లే ఎర్తు తీగ మెట్ల దగ్గరి జంక్షన్ బాక్సులో తెగి ఉంది. పైన గీజర్ సాకెట్లలో మూడో రంధ్రానికి తీగ ఉంది గాని, ఆ తీగ దేనికీ అంటుకుని లేదు. ఇన్నేళ్లుగా పై అంతస్తుకు ఎర్తే లేదన్నమాట. పెరట్లోని ఎర్తు గొయ్యి 38 ఓమ్‌లు చూపించింది. బోర్డులో ఎంసీబీలు (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చులు) ఉన్నాయి గాని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్చు) లేదు.

మా పాత కాంట్రాక్టరుకు ఈ సంగతి చెబితే, తెగిన తీగ కలిపేస్తే సరిపోతుంది, ఎంసీబీలు ఉన్నాయి కదా అంటున్నారు. అది నిజమేనా?

జవాబు: కొరాపుట్ ఇంజనీరు

కాదు. ఈ ఒక్క విషయం మీకు పూర్తిగా అర్థం కావాలని కాస్త విపులంగా రాస్తున్నాను.

మీ ఇంట్లో జరిగింది ఇదీ. గీజర్ లోపల ఎలిమెంటు నుంచి కరెంటు బయటి లోహపు తొడుగుకు తగిలింది. ఎర్తు తీగ తెగి ఉంది కనుక ఆ కరెంటుకు భూమిలోకి పోయే దారి లేదు. నీటి గొట్టం వెంబడి కుళాయికి వచ్చి, ఆ అమ్మాయి శరీరాన్ని దారి చేసుకుంది. గీజర్ మార్చడంతో లక్షణం పోయింది, కారణం గోడలో అలాగే ఉండిపోయింది. రేపు కొత్త గీజర్ పాడైనా మళ్లీ అదే జరుగుతుంది.

ఇప్పుడు తెగిన తీగ కలిపారనుకుందాం. 230 వోల్టులను 38 ఓమ్‌లతో భాగించండి: సుమారు 6 ఆంపియర్లు. గీజర్ ఎంసీబీ సాధారణంగా 16 లేదా 20 ఆంపియర్లది. తన పరిమితిలో సగం కూడా లేని ఆ 6 ఆంపియర్ల కరెంటును అది గీజర్ మామూలుగా వాడే కరెంటు లాగానే చూసి, గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. అంతసేపూ గీజర్ తొడుగుతో పాటు ఆ ఎర్తుకు కలిసిన ప్రతి ఇనుప వస్తువూ కరెంటుతోనే ఉంటుంది. గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసి 5 ఓమ్‌లకు తెచ్చినా వచ్చేది 46 ఆంపియర్లు. సీ తరగతి ఎంసీబీ తక్షణం పడిపోవాలంటే దాని పరిమితికి ఐదు నుంచి పది రెట్లు కావాలి. 16 ఆంపియర్ల దానికి అది 80 నుంచి 160. కాబట్టి సొంత ఎర్తు గొయ్యి మీద ఆధారపడిన ఇళ్లలో ఎంసీబీ షాకు నుంచి కాపాడదు. దాని పని వైరును కాపాడడం.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే ఆ తేడాను పసిగడుతుంది. 30 మిల్లీఆంపియర్లది పెట్టించండి. అంత తేడా రాగానే 0.3 సెకన్ల లోపు, ఐదు రెట్ల తేడాకు 0.04 సెకన్ల లోపు సరఫరా తెంచాలి. మీ ఇంటి లోడుకు ఎర్తు లీకేజీ రక్షణ పరికరం నిబంధనల ప్రకారం తప్పనిసరి కూడా. బిగించిన తరువాత పరీక్షా పరికరంతో ఆ సమయం కొలిపించి నివేదికలో రాయించండి. దాని మీద ఉండే టెస్టు మీట పరికరం లోపలి యంత్రాంగం పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది, ఎర్తు బాగుందని చెప్పదు. అయినా నెలకోసారి నొక్కడం మంచిది.

ఒక హెచ్చరిక. ఆర్‌సీసీబీ పెట్టిన మొదటి రోజుల్లో అది పదేపదే పడిపోవచ్చు. ఇన్వర్టరు న్యూట్రల్‌ను మామూలు న్యూట్రల్‌తో కలిపేసిన పాత ఇళ్లలో ఇది తప్పదు, 0.2 మెగాఓమ్ చూపించిన మీ సర్క్యూట్ కూడా కారణం కావచ్చు. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి, ఇది ఊరికే విసిగిస్తోందని చెప్పి దాన్ని దాటించి తీగ కలిపేస్తారు. దయచేసి అందుకు ఒప్పుకోకండి. స్నానాల గదుల వైర్లను కొత్త పైపులో పూర్తిగా మార్పించండి, న్యూట్రళ్లను విడదీయించండి. మరమ్మతు ఎవరు చేసినా, చివరి కొలతలు మాత్రం జయపురం పెద్దాయన చేతనే మళ్లీ తీయించండి.

ప్రశ్న అడిగినవారు: బరంపురం గృహస్థు

అర్థమైంది, ధన్యవాదాలు. పై అంతస్తు గీజర్లు రెండూ ఈ రోజే విప్పించాను. పని పూర్తయ్యేదాకా పిల్లలకు వేడి నీళ్లు కింద మా వంటింట్లో గ్యాసు పొయ్యి మీద కాచి ఇస్తున్నాము. మొదటి నివేదిక నకళ్లు, లోపాలు దాచకుండా, వారి తల్లిదండ్రులకు పంపాను. ఎవరైనా పిల్లను తీసుకుపోతామంటే అడ్వాన్సు తిరిగి ఇస్తానని కూడా రాశాను. ఎర్తు గొయ్యి కొలత ఏ కాలంలో తీయించడం మంచిదో ఒక్క మాట చెప్పండి.

జవాబు: పర్లాకిమిడి వైరింగు మేస్త్రి

మే నెలలో, నేల బాగా ఎండినప్పుడు తీయించండి బాబూ. వానల్లో ప్రతి గొయ్యీ మంచిగానే కనిపిస్తుంది. ఇన్సులేషన్ మాత్రం అందుకు విరుద్ధంగా, అక్టోబరులో గోడలు తడిగా ఉన్నప్పుడు కొలిపించాలి.