8వ నెలలో పుట్టింటికి వెళ్తున్నాను, ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: మొదటి కాన్పు, 34వ వారం. ఇన్నాళ్లూ హైదరాబాద్‌లో చూపించుకున్నాను, వచ్చే వారం అమలాపురం దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి ప్రయాణం. అప్పుడప్పుడూ పొట్ట రాయిలా గట్టిపడి వదిలేస్తోంది, నొప్పులేమో అని టెన్షన్. ఏం సర్దుకోవాలి?

జవాబు: లేబర్ రూమ్‌లో నర్సుగా చేస్తున్నాను తల్లీ. ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు చీరలు, ముందు తెరుచుకునే నైటీలు, ప్యాడ్లు మీ అమ్మగారు ఎలాగూ సర్దుతారు, నువ్వు ఫైలు సర్దు. స్కానింగులు, రక్తపరీక్షలు, తల్లీబిడ్డ కార్డు, ఆధార్ అన్నీ ఒకే కవర్లో పెట్టు. అర్ధరాత్రి నొప్పులతో, చేతిలో ఒక్క కాగితం లేకుండా వస్తే మేం బ్లడ్ గ్రూపు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఊరు చేరగానే కాన్పు ఎక్కడనుకుంటున్నారో అక్కడ చూపించుకో. నీది నెగటివ్ గ్రూపైతే ఆ రోజే చెప్పు. బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు నీకు యాంటీ-డి ఇంజెక్షన్ (తర్వాతి కాన్పులో బిడ్డకి ఇబ్బంది రాకుండా ఇచ్చేది) పడాలి, అది అన్నిచోట్లా సిద్ధంగా ఉండదు.

నీళ్లు తాగి ఎడమవైపు తిరిగి పడుకుంటే తగ్గేవి దొంగ నొప్పులు. అసలువి తగ్గవు, నడుములోంచి పొత్తికడుపులోకి వస్తూ దగ్గర దగ్గరవుతాయి. 37 వారాలు నిండకుండానే వరసగా వస్తుంటే మాత్రం నెలలు నిండలేదు కదా అని ఇంట్లో కూర్చోకు. ఉమ్మనీరు పోయినా, నెలసరిలా రక్తం కనిపించినా, తలనొప్పితో కళ్లు మసకబారినా అంతే, వెంటనే బయల్దేరాలి.

ప్రశ్న: 9వ నెలలో చోటు చాలక బిడ్డ కదలడం తగ్గుతుందని మా పిన్ని అంటోంది, నిజమేనా అండీ?

జవాబు: కాదమ్మా, ఈ మాట నమ్మి ఆలస్యంగా వచ్చేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తన్నే తీరు మారొచ్చు, కదలికలు తగ్గకూడదు. అనుమానంగా ఉంటే ఏదైనా తిని, ఎడమవైపు పడుకుని లెక్కపెట్టు. 2 గంటల్లో 10 కదలికలు రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకొకరు: అక్కా, మీది లంక ఊరైతే, కాన్పు వరదల రోజుల్లో పడేలా ఉంటే, ముందే గట్టు ఇవతల చుట్టాలింటికి వచ్చేయండి. 108 మీ వీధిలోకి ఎంతవరకు రాగలదో కూడా మీ నాన్నగారిని ఇప్పుడే చూసి పెట్టమనండి.