కిన్నర అంటే "ఇదేం మనిషి?" అనేనా? మన కిన్నెరకు ఆ పేరు ఎట్లా వచ్చింది?

కాజీపేట జంక్షన్:
పురాణం చెప్పేవాళ్ళు "యక్ష కిన్నర గంధర్వులు" అని ఒకే ఊపులో అనేస్తారు. యక్షులు, గంధర్వులు సరే. ఈ కిన్నరులెవరు? మన దగ్గర డక్కలి కులంవాళ్ళు వాయించే కిన్నెరకూ వాళ్ళకూ సంబంధం ఉందా?

హన్మకొండ మాస్టారు:
ఇందులో చర్చకేముంది? కిం, నరః. "ఇతనేం మనిషి?" అని. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం దేవయోనులను, అంటే దేవజాతివాళ్ళను చెప్తూ విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వుల వరసలోనే కిన్నరులనూ చెప్పింది. ఇంకోచోట కిన్నరుణ్ణి "తురంగవదనుడు" అంది. గుర్రం మొహం, మనిషి ఒళ్ళు. చూసినవాడు ఇదేం మనిషి అనుకోడా? వాళ్ళు పాటగాళ్ళు. వాళ్ళ వీణ కిన్నరి అయింది, మన నోట కిన్నెర అయింది.

పన్నెండు మెట్లు:
సార్, మా తాత కిన్నెర కొన మీద ఉండేది గుర్రం కాదు, కర్రపిట్ట. ఆయన వాయిస్తుంటే తల ఊపేది. వెదురు బొంగు, కింద ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. అది భుజాన వేసుకుని మాదిగవాడల్లో వాళ్ళ కులపురాణం, జాంబపురాణం చెప్పేవాడు. ఇందులోకి దేవలోకం ఎక్కడ నుంచి వచ్చింది? పేరు ముందు వాయిద్యానిదే ఎందుకు కాకూడదు?

జనగామ లైబ్రరీ:
బౌద్ధ శిల్పాల్లో కిన్నరులు సగం పిట్ట, సగం మనిషి. పిట్టకు ఒక ఓటు.

హన్మకొండ మాస్టారు:
అమరకోశం రాసిన అమరసింహుడు బౌద్ధుడనే అంటారు. అయినా గుర్రం మొహమే రాశాడు. దీనికేమంటారు?

మట్టెవాడ:
బైబిల్లో దావీదు వాయించింది కిన్నోర్. దాని సంగతేంటి?

హన్మకొండ మాస్టారు:
చెవికి ఒకేలా వినిపించినవన్నీ చుట్టాలు కావు.

పన్నెండు మెట్లు:
మరి కిం, నర కూడా చెవికి వినిపించిందే కదా సార్? పైగా సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని "కిం క్షేపే" అన్నాడు. నింద అన్నమాట. ప్రజలను కాపాడని రాజు కింరాజు. ఆ లెక్కన కిన్నరుడంటే పనికిమాలిన మనిషి. మీరు ఆశ్చర్యం అంటున్నారు, సూత్రం తిట్టు అంటోంది.

హన్మకొండ మాస్టారు:
కిం అంటే ప్రశ్న కూడా. ఒక్క సూత్రం ఎక్కడో చూసి వచ్చి నాకు పాఠం చెప్తే ఎట్లా తమ్మీ? నేను రిటైరయ్యాక మా కాలేజీలో సంస్కృతం పోస్టే ఎత్తేశారు. అయ్యో అన్న దిక్కు లేదు. ఇప్పుడు ప్రతివాడూ వ్యుత్పత్తి చెప్పేవాడే.

పన్నెండు మెట్లు:
నేను ఎక్కడ చూస్తే మీకెందుకు? మా నోట పాణిని వస్తే ఇబ్బందా?

నర్సంపేట మిర్చి:
పొద్దున్నే టెన్షన్ ఎందుకు, చాయ్ తాగి రండి ఇద్దరూ.

హన్మకొండ మాస్టారు:
నేను కులం మాట ఎత్తలేదు. మీరే ఎత్తుతున్నారు. నేను దేవయోని అన్నాను, పెంచి చెప్పాను. దానికీ కోపమేనా?

పన్నెండు మెట్లు:
ఆ పెంచడమే సార్ నాకు మంట. మా తాతను ఒక బడి వార్షికోత్సవానికి పిలిచారు. మైకులో "గాన కిన్నరుడు" అని పొగిడారు. భోజనాల వేళకు విస్తరి సైకిల్ షెడ్డు వెనక వేశారు. 2022లో కిన్నెర వాయించే మొగిలయ్య గారికి పద్మశ్రీ ఇచ్చినప్పుడు కూడా మా ఊళ్ళో కొందరు "దేవతల వాయిద్యం" అని ఫొటోలు పెట్టుకున్నారు, డక్కలి అన్న మాట మాత్రం ఒక్కరూ రాయలేదు. పైనుంచి వచ్చిందంటే తప్ప మా చేతిలో ఉన్నదానికి విలువ లేదా?

జనగామ లైబ్రరీ:
మన పాలకుర్తి సోమన బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య ఉన్నాడు. ఉల్లిపాయ దగ్గర మాట పట్టింపు వచ్చి బసవన్న మీదే అలిగిన భక్తుడు. ఆ కిన్నర గుర్రం మొహం కాదు, ఆయన వాయించే వాయిద్యమే. తెలుగులో ఆ పేరు అప్పటికే అట్లా స్థిరపడింది.

హన్మకొండ మాస్టారు:
అమరకోశం దానికంటే వందల ఏళ్ళు పాతది. కాబట్టి కిన్నరుడే ముందు.

పన్నెండు మెట్లు:
రాతలో ముందు. సొరకాయ బుర్రలు పుస్తకం రాసుకోవు కదా సార్.

హన్మకొండ మాస్టారు:
రాత లేకపోతే దేన్ని పట్టుకుని మాట్లాడతాం?

పన్నెండు మెట్లు:
నోటిని పట్టుకుని. జాంబపురాణం మా దాకా అట్లాగే వచ్చింది. మీరెప్పుడైనా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విన్నారా?

హన్మకొండ మాస్టారు:
లేదు. దాని గురించి నేనేమీ అనలేదు కూడా. నేను మాట్లాడుతున్నది కిం గురించి.